బొంతకి రెండో వైపు

2007 అక్టోబరు 11, గురువారం. తెల్లవారుజామున సన్నగా జల్లు పడి ఆగింది. ఎనిమిదింటికల్లా మబ్బు విడిపోయి ఎండ వచ్చింది గానీ గాలిలో తడి మాత్రం పోలేదు. తీగ మీద ఆరేసిన తువ్వాళ్ళు ముట్టుకుంటే ఇంకా చల్లగానే ఉన్నాయి. అలాంటి రోజున ఆ ఇంట్లో రికార్డింగు పెట్టుకోకూడదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అయినా పెట్టుకున్నారు, సీడీ కంపెనీ మేనేజరు పదకొండింటికి వస్తానన్నాడు మరి.

పాటలావిడ పెరట్లో నిలబడి గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించింది. వీధిలో అందరూ ఆమెను పాటలావిడ అనే అంటారు. సీడీ అట్టల మీద వేరే పేరుంటుంది, దానితో మనకి పనిలేదు. పుక్కిలించడం అయ్యాక "ఆ" అని గొంతును ఒకసారి పైకి పంపి చూసింది. ఒకప్పుడు ఆ "ఆ" డాబా మీది పావురాల్ని లేపేది. ఇప్పుడు పెరటి గోడ దాకా వెళ్ళి, దాని మీద కాసేపు కూర్చుని, దిగి వచ్చేస్తోంది. ఆమెకు నలభై నాలుగు దాటాయి. దాని గురించి ఆమె దిగులేమీ పెట్టుకోలేదు. మోకాళ్ళు మెట్లెక్కనంటే కింది గదిలో మంచం వేసుకుంటాం, గొంతు సంగతీ అంతే అనుకుంది. పైగా ఆ కింది గదిలో ఏమేమున్నాయో చూడాలని ఆమెకి కుతూహలంగా కూడా ఉంది.

ఆమెకు పేరు తెచ్చింది ఒంపు. పాట ఏదైనా సరే, ప్రతి పాదం చివర గొంతును పైకి విసిరి, గాలిపటం తోకలా ఓ మెలిక తిప్పి, మెల్లగా కిందికి దింపేది. హాల్లో జనం ఆ చోటు కోసం కాచుకుని, అది రాగానే చేతులు పైకెత్తి ఊపేవారు. మూడో వీధిలో క్షౌరశాల పెట్టినతను తన దుకాణానికి 'ఒంపు' అనే పేరు పెట్టుకున్నాడు. అక్కడ జుట్టు కత్తిరించుకున్నవాడెవడూ రెండోసారి వెళ్ళలేదనుకోండి, అది వేరే కథ. ఇప్పుడు ఆమె తయారు చేసుకుంటున్న పాటలకి ఒంపు లేదు. ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పుకుంటున్నట్టు, కింది గొంతుతో, నేరుగా నడిచే పాటలు. వాటి మీద ఆమెకి కొత్త చెప్పుల మీదున్నంత ఇష్టం ఉండేది. ఇంకా కాలికి అలవాటు కాలేదు, విప్పబుద్ధీ కాదు.

రికార్డింగు గది ఇంటి వెనక భాగంలో ఉంది. పూర్వం అది సామాన్ల గది. పెళ్ళయిన కొత్తలో ఆమె భర్త దాన్ని ఖాళీ చేసి, మైకు పెట్టి, గోడల నుంచి శబ్దం తిరిగి రాకుండా ఏం వేలాడదీయాలా అని ఆలోచించి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళమ్మది దూది పని. పక్క గదిలోనే దూది ఏకే విల్లు, బారెడు బల్ల, సూదుల డబ్బా పెట్టుకుని పరుపులూ బొంతలూ కుట్టేది. వీధి మొత్తానికి ఆమె పరుపులత్త. కొడుకు అడగ్గానే ఎనిమిది బొంతలు తీసి ఇచ్చింది, ఒకవైపు పూల గుడ్డ, రెండో వైపు ముతక తెల్ల గుడ్డ. ఇస్తూ ఒక్క మాటే చెప్పింది.

"నెలకోసారి తిప్పి వెయ్యరా. బొంతకి ముందూ వెనకా ఉండదు. ఒకే వైపు వాడితే ఆ వైపే బరువెక్కుతుంది."

"అలాగేనమ్మా" అన్నాడు కొడుకు. కొడుకులు తల్లులతో అనే "అలాగే"లన్నీ ఒకచోట పోగేస్తే ఓ మంచి పరుపు అవుతుంది. వచ్చేవాళ్ళకి అందంగా కనబడాలని పూలవైపు గదిలోకి పెట్టి మేకులు కొట్టాడు. మళ్ళీ ఎన్నడూ తిప్పలేదు.

అలా ఏళ్ళ తరబడి ఆమె ఆ గదిలో పాడిన పాటలన్నీ పూలవైపు నుంచి దూదిలోకి ఇంకాయి. జనం అన్నిటికన్నా ఎక్కువగా అడిగే కిటికీ పాట తలుపు పక్కనున్న బొంతలోకి చేరింది. ఎండ రోజుల్లో అవి మాట్లాడకుండా ఉండేవి. గాలిలో తడి చేరితే మాత్రం చెమర్చినట్టు మెల్లగా పాడేవి. ఇంట్లో వాళ్ళకి అది వాన కబురు. "బొంతలు పాడుతున్నాయి, బట్టలు లోపలికి తెండి" అనుకునేవారు. ఆమె పాతవి పాడుకున్నంత కాలం దాని వల్ల ఇబ్బందేమీ లేకపోయింది. పాటకి పాట తోడై ఇంకాస్త నిండుగా వినిపించేది.

ఆ గురువారం ఆమె మైకు ముందు నిలబడి కొత్త పాట ఎత్తుకుంది. మొదటి పాదం నేరుగా నడిచి ఆగింది. ఆగీ ఆగగానే తలుపు పక్కనున్న బొంత ఒంపు తిప్పింది.

భర్త హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు. "మళ్ళీ పెట్టింది."

"ఏది?"

"తలుపు పక్కది. కిటికీ పాటది."

"దాన్ని కాస్త నొక్కి పట్టుకోండి, ఇంకోసారి పాడతాను."

ఆయన వెళ్ళి బొంతకి వీపు ఆనించి నిలబడ్డాడు. రెండో పాదానికి ఎదురు గోడ మీది రెండూ కలిసి ఒంపు తిప్పాయి. ఆయన చేతులు రెండూ చాపి చూశాడు గానీ ఎనిమిది బొంతలకి ఒక మొగుడు ఎక్కడ సరిపోతాడు?

మేనేజరు పదకొండున్నరకి వచ్చాడు. మంచివాడే. కుర్చీ అంచున కూర్చుని, కళ్ళు మూసుకుని, రికార్డు చేసిందంతా విన్నాడు.

"మేడమ్, రెండు పాటలు ఒకేసారి వినిపిస్తున్నాయి. జనం దేనికి తలూపాలి?"

"బొంతలండీ. తడి రోజు కదా" అంది ఆమె.

"అది తెలుస్తోంది. మా ఇంట్లో సోఫా ఇలాగే మా మామగారి గురక పెడుతుంది. ఎండలో వేసి నాలుగు బాదితే పోతుంది." గ్లాసులో మంచినీళ్ళు తాగి అసలు విషయానికొచ్చాడు. "వచ్చే వారం శనివారం హాల్లో ప్రోగ్రాం ఉందిగా. ఎప్పటిలాగే కిటికీ పాటతో మొదలుపెట్టండి, జనం కుదురుకుంటారు. మధ్యలో కొత్తవి రెండు పాడండి. కూర్చుంటే కొత్త సీడీ వేద్దాం. లేచి వెళ్ళిపోయారనుకోండి, పాతవన్నీ కలిపి ఒక సీడీ వేసి మూట కట్టేద్దాం."

గోడ అవతల విల్లు చప్పుడు ఆగింది. "మూట కట్టడం మా పనయ్యా, నీకేం తెలుసు" అంది పరుపులత్త గొంతు. మేనేజరు గోడకేసి నమస్కారం పెట్టి లేచాడు.

అతను వెళ్ళాక మొగుడూ పెళ్ళాలు ఆట్టే ఆలోచించలేదు. అప్పటికి ఎండ బాగా కాస్తోంది. ఆయన తలుపు పక్కనున్న బొంతని దించి, భుజాన వేసుకుని డాబా ఎక్కి, పూలవైపు పైకి ఉండేలా పిట్టగోడ మీద పరిచి, కర్ర తీసుకుని బాదాడు. మొదటి దెబ్బకి దుమ్ము లేచింది. రెండో దెబ్బకి కిటికీ పాట లేచింది. పల్లవి, రెండు చరణాలు, ఒంపులతో సహా గాలిలోకి వచ్చి, ఎండలో ఒక్క క్షణం ఆగి, పిట్టగోడ దాటి వీధిలోకి దిగింది. సరిగ్గా ఆ సమయానికి కోడిగుడ్లతను సైకిలు తోసుకుంటూ వెళుతున్నాడు. ఎప్పుడూ "గుడ్లూ" అని పొడిగా అరిచేవాడు, ఆ వేళ మలుపు తిరిగేసరికి "గుడ్లూ" అన్న మాటకి ఒంపు తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

"బాగా వదిలింది" అని సంతోషంగా కేకేశాడు భర్త.

కింద ఆమె శనివారం ప్రోగ్రాం గుర్తొచ్చి ఒకసారి పాడుకుందామని నోరు తెరిచింది. మాటలు ఉన్నాయి. 'కిటికీ తీసే ఉంచాను, వచ్చేవాళ్ళు రావచ్చు.' మాటలు అన్నం మెతుకుల్లా విడివిడిగా ఉన్నాయి, పాట లేదు. తన పాత సీడీ పెట్టింది. ఎవరో పరాయి మనిషి చక్కగా పాడుతున్నట్టుంది. వెంట పాడబోతే గాలి వచ్చింది, అంతే. ఆమె మెల్లగా డాబా మెట్లెక్కింది.

"ఏమండీ, కిటికీ పాట పోయింది."

"పోవాలనే కదా కొట్టింది."

"నా దగ్గర్నుంచి పోయింది."

కర్ర ఎత్తిన చెయ్యి అలాగే ఆగింది. ఇరవై ఏళ్ళుగా ఏ హాల్లోనైనా జనం మొట్టమొదట అడిగేది ఆ పాటే. అది లేకుండా వేదిక ఎక్కడమంటే, తలుపు లేని ఇంట్లోకి చుట్టాల్ని పిలవడమే.

"పోనీ, రెండో వైపుకి ఏమైనా అంటుకుని ఉందేమో, అటు కూడా కొట్టి చూస్తాను" అంటూ ఆయన బొంతని తిరగేశాడు. కంగారులో ఉన్న మనిషి చేతిలో కర్ర ఉండకూడదు.

"ఒరేయ్!"

పరుపులత్త పైకి వచ్చేసింది. మోకాళ్ళ నొప్పులని రెండేళ్ళుగా ఆ మెట్ల జోలికి రాని మనిషి, చేతిలో సూది, సూదికి మూరెడు దారం, అలాగే ఎక్కింది. వచ్చి కొడుకు చేతిలోంచి కర్ర లాక్కుంది.

"నేనేం చెప్పాను? దులపమన్నానా? తిప్పమన్నాను. తిప్పడానికి బద్ధకం, కొట్టడానికి మాత్రం ఓపిక. అచ్చం మీ నాన్నే."

"అమ్మా, పాట పోయిందే."

"పూలవైపు పాటేరా పోయింది. దించు కిందకి. అన్నీ తిప్పి వెయ్యి. నువ్వు రా అమ్మాయ్, ఎండలో నిలబడకు."

ఎనిమిది బొంతలూ దించి, తిప్పి, మళ్ళీ మేకులకి తగిలించేసరికి సాయంత్రమైంది. గది బోసిపోయినట్టుంది. పూలు లేవు, ముతక తెల్ల గుడ్డ, దాని మీద బారు బారు కుట్లు. భర్త గోడకి చేరగిలబడ్డాడు. ఆమె నేల మీద కూర్చుంది. శుక్రవారమంతా ఎండే, శనివారమూ ఎండే. బొంతలు నోరు విప్పలేదు. ఈ రెండు రోజుల్లో ఆమె కోడిగుడ్లతన్ని వాకిట్లో ఆపి ఓ డజను గుడ్లు తీసుకుని, "ఆ పాట నాకు నేర్పుతావా" అని అడిగింది కూడా. అతను ధారాళంగా నేర్పాడు. ఆమెకి ఒక్క ముక్కా పట్టుబడలేదు. "ఎక్కడినుంచొచ్చిందో నాకే తెలీదమ్మా, బేరం మాత్రం బాగుంది" అన్నాడు. ఉంచుకోమంది. ఏం చేస్తుంది?

ఆదివారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఆమె వంటింట్లో గిన్నెలు తుడుస్తుంటే వెనక గదిలోంచి ఏదో వినబడింది. మొదట వినబడింది విల్లు. టంగ్, టంగ్, మధ్యలో దూది విడిపోయే బుసబుస. గోడకి అటువైపు ఏళ్ళ తరబడి మోగిన విల్లు తెల్లవైపు దూదిలోకి ఇంకి ఉంది. ఆ విల్లుకి అరతాళం వెనగ్గా, బరువైన కింది గొంతుతో ఎవరో పాడుతున్నారు.

ఆమె గుడ్డ చేతిలో పట్టుకునే వెళ్ళి తలుపు పక్కనున్న బొంతకి చెవి ఆనించింది.

కిటికీ తీసే ఉంచాను, వచ్చేవాళ్ళు రావచ్చు. పాదం చివర ఒంపు లేదు. ఒంపు ఉండాల్సిన చోట పాట ఊరికే ఆగి, ఒక కుట్టు పడేంత సేపు ఊరుకుని, మళ్ళీ నడిచింది. మధ్య మధ్య మాటలు కూడా ఉన్నాయి. "ఊపిరి తీసుకోవే పిల్లా." "ఇక్కడెందుకమ్మా అంత తొందర, ఎవరు తరుముతున్నారు." "ఇది బాగుంది." ఆ చివరి మాట దగ్గర ఆమె బొంతని రెండు చేతులతో పట్టుకుంది. అత్తగారు ఆ మాట ఎదురుగా ఎన్నడూ అని ఎరగదు.

పక్క గదిలో పరుపులత్త తలగడ గలీబు కుడుతోంది. కోడలు వెళ్ళి బల్ల పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, ఇన్నాళ్ళూ నా పాటలన్నీ పాడారా?"

"పాడకపోతే? నువ్వు గోడవతల పొద్దస్తమానం అదే పాడుతుంటే చెవులు మూసుకుని కుట్టమంటావా?"

"మరి ఒంపు ఎందుకు తీసేశారు? బాగాలేదా?"

పరుపులత్త దారం చివర తడిచేసి సూదిలోకి ఎక్కించింది. "బాగానే ఉంటుంది. కాకపోతే ఆ ఒంపు దగ్గరికి వచ్చేసరికి మనసు అటు పోయేది, సూది జారేది. ఈ వేలు చూడు, ఇవన్నీ నీ ఒంపులే. అందుకని ఆ ముక్క తీసేసి పనికి తగ్గట్టు పాడుకున్నా. నాకు నీ అంత గాలి కూడా లేదు కదా."

కోడలు ఆ వేలు చేతిలోకి తీసుకుని చూసింది. చివర అంతా చిన్న చిన్న చుక్కలు, ఇసుక కాగితంలా గరుగ్గా ఉంది.

"నేర్పుతారా?"

"నీ పాట నీకు నేను నేర్పడమేమిటే, వింటే నలుగురు నవ్వుతారు" అంది పరుపులత్త. అని, కాసేపు కుట్టి, "విల్లు అందుకో. ముందు చెయ్యి కుదరాలి, తర్వాత గొంతు" అంది.

ఆ వారమంతా పక్క గదిలో దూది ఏకుడే. పోయిన పాట తిరిగి రాలేదు. ఆమె నేర్చుకున్నది అదే పాట కాదు, దాని అక్క. అదే ముఖం, అవే మాటలు, నడక మాత్రం వేరు. చిత్రమేమిటంటే, అది కుదిరాక కొత్త పాటలు కూడా వాటంతటవే కుదురుకున్నాయి. అవీ ఆ ఇంటి పిల్లల్లాగే నడిచాయి. పూలవైపు గోడకి తిరిగి ఉంది కాబట్టి అడ్డం వచ్చేవాళ్ళూ లేరు. భర్త హెడ్‌ఫోన్లు పెట్టుకుని, విల్లు దగ్గర ఒక మైకు, ఆమె దగ్గర ఒక మైకు పెట్టి, మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆయన మాట్లాడలేదంటే బాగుందని అర్థం.

శనివారం హాలు నిండింది. పరుపులత్త రానంది. "పని ఉంది. అయినా నేను ఇక్కడినుంచే వింటాను, అలవాటే కదా" అంది. ఆడపడుచు మాత్రం వచ్చి మొదటి వరసలో కూర్చుంది. భర్తకి అక్క, పాటలావిడకి వదిన. ఆమెకి పాత పాటలంటే ప్రాణం. మరదలంటే అంత లేదు. రెండూ ఒకే గొంతులోంచి రావడం ఆమెకున్న పెద్ద చిక్కు.

"కిటికీ, కిటికీ" అని హాలంతా అరిచింది. పాటలావిడ ఇంటినుంచి తెచ్చి పక్కన పెట్టుకున్న విల్లు మీద ఒక్క దెబ్బ వేసి ఎత్తుకుంది. మొదటి పాదం చివరికి వచ్చేసరికి అలవాటు కొద్దీ జనం చేతులు పైకి లేచాయి. ఒంపు రాలేదు. చేతులు గాలిలోనే ఉండిపోయాయి. ఎత్తిన చేతుల్ని ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. వేదిక మీద ఆమె మాత్రం ఆ ఒక కుట్టు పడేంత సేపు ఊరుకుంది. రెండో పాదానికి చేతులు మెల్లగా దిగి మోకాళ్ళ మీదికి చేరాయి. మూడో పాదానికి వేళ్ళు వాటంతటవే కదలసాగాయి, హాలంతా కలిసి ఏదో కుడుతున్నట్టు. పాట అయ్యాక చప్పట్లు కూడా అరతాళం ఆలస్యంగా వచ్చాయి.

తర్వాత ఆమె కొత్తవి రెండు పాడింది. ఆ పైన జనం అడిగిన పాతవి ఒంపులతోనే పాడింది, గొంతు ఎక్కినంత వరకూ. ఆమెకి వాటి మీద కోపమేం లేదు. పాతవి ఉన్న ఏడు బొంతల్లో ఒక్కదాన్నీ దులపలేదు మరి. మేనేజరు మధ్యలో ఎవరు లేస్తారా అని మెడ తిప్పి తిప్పి చూశాడు. క్షౌరశాల అతనొక్కడే లేచాడు. ఫోనొచ్చిందని తర్వాత చెప్పాడు.

కొత్త సీడీ వచ్చింది. గొప్పగా ఆడిందని చెప్పను. కానీ కుట్టుమిషన్ల దుకాణాల్లో, వడ్రంగి షెడ్లలో, ఆసుపత్రి వంటశాలల్లో, చేతులతో పనిచేసేవాళ్ళు దాన్ని అరిగేదాకా పెట్టుకున్నారు. పెళ్ళిళ్ళలో పాతవే మోగాయి. ఆమె రెంటికీ వెళ్ళేది. నెలకోసారి బొంతలు తిప్పేవారు. పూలవైపు ఇటున్న నెలలో పాతవి, తెల్లవైపు ఇటున్న నెలలో కొత్తవి. అలా పదకొండేళ్ళు హాయిగా గడిచాయి.

పరుపులత్త వెళ్ళిపోయేముందు కాగితాలేమీ రాయలేదు. కుడుతూ, దారం కొరుకుతూ, అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఇల్లు కొడుకుదీ కూతురిదీ చెరి సగం. సూదుల డబ్బా కూతురి కూతురికి, ఆ పిల్ల చెయ్యి కుదురైంది. విల్లు కోడలికి. బొంతల తెల్లవైపు కోడలికి, పూలవైపు కూతురికి.

"ఒకే బొంతని రెండుగా ఎలా పంచుతావే?" అంది ఆడపడుచు.

"నేనెక్కడ పంచాను? తిప్పమంటున్నాను."

దాంతో ఆడపడుచు నెలకోసారి పుట్టింటికి రాక తప్పలేదు. మొదట్లో తన వైపు వినేసి వెళ్ళిపోయేది. తర్వాత భోజనానికి ఉండేది. ఈమధ్య తడి రోజుల్లో వంతు ఎవరిదో కూడా చూసుకోకుండా వదినా మరదళ్ళిద్దరూ వెనక గదిలో నేల మీద కూర్చుని, తెల్లవైపు నుంచి "ఊపిరి తీసుకోవే పిల్లా" అన్న మాట వచ్చేదాకా లేవరు. ఆ మాట అమ్మ తననే అన్నదని ఆడపడుచు వాదన. పాటలావిడ కాదనదు.

కోడిగుడ్లతనికి ఎవరూ ఏమీ రాసివ్వలేదు గానీ కిటికీ పాట ఒంపులతో సహా అతని కొడుక్కి వచ్చింది. గుడ్ల బండితో పాటు. మేనేజరు విల్లు చప్పుడు తమ కంపెనీకి రాసిమ్మని అడిగించి చూశాడు, అతనికి ఏమీ రాలేదు. కర్ర పట్టినందుకు కొడుక్కి బొంతల్లో వాటా లేదంది తల్లి, ఏ వైపూ. అయినా ఎనిమిది బొంతలూ దించి, తిప్పి, మేకులకి తగిలించేది ఆయనే. ఆడవాళ్ళిద్దరూ కింద నిలబడి, మీ వైపు వంకరగా ఉందంటే మీ వైపే వంకరగా ఉందనుకుంటుంటే, ఆయన స్టూలు మీద నిలబడి, బరువు భుజాన వేసుకుని, "అలాగే" అంటాడు. ఇప్పుడు ఆ మాట అన్నాక చేస్తున్నాడు కూడా.